సెగెద్ నుంచి వచ్చిన దంపతులు

పశ్చిమ స్టేషన్‌లో ఆ మనిషిని కింద పడేసింది అంబ్రుషే.

సెగెద్ నుంచి వచ్చిన పొద్దుటి రైలు ఆగింది. జనంతో పాటు ఒక జంట దిగింది. మగాడికి గోధుమరంగు కోటు, ఎడమ చెవిలో వినికిడి మిషను, భుజాన కెమెరా సంచీ. అందిన గుర్తులన్నీ సరిపోయాయి. ఏజెంట్ అంబ్రుష్ అతని పక్కకి చేరి, "సార్, ఒక్క నిమిషం మాతో రండి" అన్నాడు మెల్లగా.

ఆ మనిషి ముందు భార్య మొహంలోకి చూశాడు. తర్వాత సంచీని గుండెకి అదుముకుని, "ఇది నాదే! ఈ సంచీ నాదే!" అని అరుస్తూ పరుగు తీశాడు. అంబ్రుష్ వెనకనుంచి దూకి నడుం పట్టుకున్నాడు. ఇద్దరూ పడ్డారు. అంబ్రుష్ మోచెయ్యి గీసుకుపోయింది. ఆ మనిషి తల బెంచీ అంచుకి కొట్టుకుంది.

తుపాకీ పేలలేదు, కత్తి లేవలేదు. అయినా ప్లాట్‌ఫారం మీద రక్తం.

భార్య కేక పెట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, భర్త చెవిలోని మిషను తీసి, జేబురుమాలుతో తుడిచింది.

"దీనికి తడి తగలకూడదు" అంది, ఎవరితోనో తెలీకుండా.

స్ట్రెచర్ వెళ్ళిపోయాక స్టేషన్ వెనక గదిలో ఆమెని కూర్చోబెట్టారు. ఆమె పేరు పిరోష్కా. భర్త విల్మోష్ మిరపకారం మిల్లులో మెకానిక్. చెవి పోయింది ఆ మిల్లు మోతలోనే. పెళ్లిరోజని రాజధాని చూడ్డానికి వచ్చామంది. సంచీ సంగతి తనకేమీ తెలీదంది.

అంబ్రుష్ పై అధికారి ఇల్కా మేడమ్ అతణ్ణి పక్కకి పిలిచింది. జుట్టు నెరిసినా గొంతు నెరవని మనిషి.

"విను. సరిహద్దు అవతల కొట్టుకుంటున్న రెండు పక్షాలకీ ఆయుధాలు అమ్మేది ఒకే విదేశీ ముఠా. నాయకుణ్ణి కంసాలి అంటారు. ఇవాళ సాయంత్రం డాన్యూబ్ మీద ఒక పడవలో ఆ రెండు పక్షాల పెద్దలు భోజనానికి కూర్చుంటున్నారు. సంధి కుదిరితే కంసాలి కొట్టు కట్టేసుకోవాలి. అందుకని పడవ పేలాలి."

"పడవని ఆపేద్దాం మేడమ్."

"కాళ్ళు పట్టుకుంటే ఒప్పుకున్నారు. ఇవాళ ఆగితే మళ్ళీ ఒక బల్ల దగ్గర కూర్చోరు. పడవంతా గాలించాం, బాంబు దొరకలేదు. పేల్చే స్విచ్ మాత్రం ఈ కెమెరాలో ఉంది. మనవాడు దాని నరం కోసేశాడు. ఇప్పుడది ఉత్త డబ్బా."

"మరి?"

"కెమెరా తీసుకోడానికి వచ్చేవాడు కావాలి నాకు. ఈ జంట రోజంతా ఊరు చూస్తూ తిరగాలి. కోట కొండ, కేకుల కొట్టు, సింహాల వంతెన, చివరికి మార్గరెట్ దీవి. వెనకాల ఎవరూ లేరని నమ్మకం కుదిరాక దీవిలో కలుస్తారు. విల్మోష్ మొహం వాళ్ళెవరూ చూడలేదు. కోటు, చెవి మిషను, పక్కన పెళ్ళాం. వాళ్ళకి తెలిసింది అంతే." ఆమె గోధుమరంగు కోటు అతని చేతికిచ్చింది. "కాస్త బిగుతు. పర్లేదు. మిషనులో మన రిసీవర్ పెట్టించాను. నా మాట నీకు వినిపిస్తుంది. నీ మాటకి కాలరు గుండీలో మైకుంది."

విషయం చెప్పగానే పిరోష్కా అంబ్రుష్‌ని పైనించి కిందికి చూసింది.

"నా మొగుణ్ణి కొట్టినవాడే నా మొగుడి వేషం కడతాడా?"

ఇల్కా మేడమ్ ఆమె ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ ఊళ్ళో అందరికంటే పెద్ద డాక్టరు మీ ఆయన తల చూస్తాడు. నాదీ మాట" అంది.

పిరోష్కా చాలాసేపు గోడకేసి చూసింది. అంతసేపు దేని గురించి ఆలోచిస్తోందో అంబ్రుష్‌కి అప్పుడు తట్టలేదు.

"ముందు తాడు బండిలో కొండెక్కాలి" అంది చివరికి. "ఆయనకదే ముఖ్యం."

*

తాడు బండి కీచుమంటూ కొండమీదికి పాకుతోంది. కింద నది, నది మీద వంతెనలు. పిరోష్కా అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది.

"చూడవయ్యా, ఎంత బావుందో!" అంది పక్కవాళ్ళకి వినపడేట్టు. వెంటనే అతని భుజం మీదికి వంగి గుసగుసగా, "ఎలా ఉన్నాడో అడగండి" అంది.

రోజంతా ఇదే వరస. పైకి 'నువ్వు', లోపల 'మీరు'. పైకి నవ్వు, లోపల నిప్పు.

అంబ్రుష్ కాలరు సర్దుకున్నట్టు చేసి అడిగాడు. ఇల్కా మేడమ్ గొంతు చెవిలో పలికింది. "ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది."

"ఊపిరి ఆడుతోందట."

"పొద్దుటిదాకా బాగానే ఆడింది లెండి" అంది ఆమె, కొండమీది గాలికి జుట్టు సర్దుకుంటూ.

జాలర్ల బురుజు దగ్గర ఫోటోలు దిగారు. కెమెరా పని చెయ్యదు. అయినా అంబ్రుష్ వంగి, ఒక కన్ను మూసి, మీట నొక్కాడు. ఆమె తెల్లరాతి తోరణం కింద నిలబడి పళ్ళు కనపడేలా నవ్వింది. పక్కన ఒక ముసలాయన, "ఏమమ్మాయ్, కొత్తగా పెళ్లయినవాళ్ళా?" అని పలకరించాడు.

"కాదు తాతా, పాత కాపురమే. కొత్తగా బయటికి తీసుకొచ్చాడు, అదే వింత!"

ముసలాయన పకపకా నవ్వాడు. అంబ్రుష్ కూడా నవ్వాలి, నవ్వాడు. చలిగాలికి చెయ్యి కోటు జేబులో పెడితే ఏదో మెత్తగా తగిలింది. కాగితపు రుమాల్లో చుట్టిన ఉప్పురొట్టె, సగం కొరికింది. రైల్లో విల్మోష్ తిని దాచుకున్న మిగతా సగం.

ఏం చెయ్యాలో తోచక ఆమెకి అందించాడు. పిరోష్కా దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, పంటి గాటు పడిన చోటునుంచే తినడం మొదలుపెట్టింది. ఒక్క నలుసు కింద పడనివ్వలేదు. తిన్నాక రుమాలు మడిచి చేతిసంచీలో దాచుకుంది.

"నన్ను చూడకండి" అంది. "నదిని చూడండి. అందుకే కదా వచ్చాం."

*

కొండమీది కేకుల కొట్టు ఇరుకు. గోడవార బల్ల దొరికింది. రెండు కాఫీలు, మీగడ కేకులు తెప్పించుకున్నారు. వడ్డించే అమ్మాయి సినిమా తారలా ఉంది. పొడుగ్గా, తెల్లగా, పెదవి మీద చిన్న పుట్టుమచ్చ. నడక చూస్తే పళ్ళెం మోసే నడకలా లేదు. ఈ సంగతి అంబ్రుష్‌కి తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు కాదు.

అప్పుడు అతని చెవిలో ఇల్కా మేడమ్ మాట్లాడుతోంది.

"అంబ్రుష్, మొహం కదలనివ్వకు. విల్మోష్ పోయాడు. ఇప్పుడే. ఆమెకి చెప్పకు. ఇది ఆర్డర్. దీవి దాకా తీసుకెళ్ళు. విన్నావా? విన్నట్టయితే దగ్గు."

అంబ్రుష్ దగ్గాడు. గొంతులో కేకుముక్క అడ్డం పడి నిజంగానే దగ్గొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే క్షణంలో వడ్డించే అమ్మాయి చేతిలోని కాఫీ పిరోష్కా గౌను మీద ఒలికింది.

"అయ్యో అక్కా, క్షమించండి! రండి, కడిగేస్తాను రండి!"

ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్ళారు. తిరిగొచ్చారు. అంబ్రుష్ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ ఏమీ చూడ్డం లేదు. అతనికి బెంచీ అంచు ఒక్కటే కనిపిస్తోంది.

"ఎలా ఉన్నాడు?" అంది పిరోష్కా కూర్చుంటూ.

"ఆపరేషన్ ఇంకా నడుస్తోంది."

"ఇంకా నడుస్తోందంటే మంచిదే కదా. చచ్చినవాడికి ఆపరేషన్ చెయ్యరుగా."

"చెయ్యరు" అన్నాడు అంబ్రుష్.

అక్కడినుంచి ఆమెలో ఏదో బరువు దిగినట్టయింది. సింహాల వంతెన మీద నడుస్తూ తనే మాటలు మొదలుపెట్టింది. ఈ రాతిసింహాలకి నాలుకలు చెక్కడం శిల్పి మర్చిపోయాడని ఊరంతా చెప్పుకుంటుంది. విల్మోష్ మాత్రం ఒప్పుకోడట. నాలుకలున్నాయి, కిందనుంచి చూస్తే కనపడవంతే అని మిల్లులో అందరితో పోట్లాడేవాడట.

"చెవిటిమాలోకం. ఎదుటివాడి మాట వినపడదు కాబట్టి ఏ వాదనలోనూ ఓడిపోడు." ఆమె నిజంగా నవ్వింది. "రేపు కళ్ళు తెరిచాక చెప్తాను, నీ బదులు నేను వెళ్ళి చూశాలే అని. ఏదీ, నన్ను కాస్త పైకెత్తండి."

అంబ్రుష్ ఆమెని నడుం పట్టి పైకెత్తాడు. పొద్దున అదే చేతుల్తో ఆమె భర్త నడుం పట్టుకున్నాడు. సింహం నోట్లోకి తొంగిచూసి, "ఉంది! నాలుకుంది!" అని ఆమె చిన్నపిల్లలా అరిచింది. దారినపోయేవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు. అంబ్రుష్ ఆమెని దించేసి నదివైపు తిరిగి, రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

"మేడమ్" అన్నాడు కాలరులోకి, "నా వల్ల కావటం లేదు."

"అవుతుంది" అంది చెవిలో గొంతు. "పడవలో ఎంతమందున్నారో ఆలోచించు. నడు."

నడిచాడు.

*

మార్గరెట్ దీవిలో పాటల ఫౌంటెన్ ఎగురుతోంది. సాయంత్రపు ఎండ గడ్డి మీద పసుపు పూసినట్టుంది. తొక్కుడు బండి మీద ఒక లావుపాటి మనిషి వచ్చి వాళ్ళ బెంచీ ముందు ఆగాడు.

"కొండమీంచి మీ ఊరు కనపడిందా?"

ఇల్కా మేడమ్ పొద్దున చెప్పిన కోడ్ అదే. అంబ్రుష్ జవాబు చెప్పాడు. "మాది మైదానం. దాక్కోడానికి చోటుంటేగా కనపడకపోవడానికి."

లావుపాటివాడు చెయ్యి చాచాడు. కెమెరా సంచీ అతని చేతిలో పడిందో లేదో, పూలమొక్కల దగ్గరున్న తోటమాలులిద్దరూ పారలు పడేసి వాడి మీద పడ్డారు. తోటమాలులు ఇల్కా మేడమ్ మనుషులే. గొడవే లేదు. వాడు పెనుగులాడలేదు. సంకెళ్ళు పడుతుంటే వాడికి నవ్వొచ్చింది. చూసే వాళ్ళకి ఒళ్ళు మండేంత తీరిగ్గా నవ్వాడు.

"శెభాష్" అంది చెవిలో ఇల్కా మేడమ్. "రేవులోని పడవకి సరేనని చెప్పేశాను, బయల్దేరింది. ఆమెని కారెక్కించు. ఆసుపత్రి మాట కారులో నేను చెప్తాను."

అంబ్రుష్ చెవి మిషను తీసేసి జేబులో వేసుకున్నాడు.

"పిరోష్కా గారూ" అన్నాడు. "మీ ఆయన లేరు. మధ్యాహ్నమే పోయారు. కేకుల కొట్లో ఉన్నప్పుడు. నాకు అప్పుడే తెలుసు."

ఆమె గడ్డి మీద కూలబడింది. ఫౌంటెన్ చుట్టూ పిల్లలు కేరింతలు కొడుతున్నారు.

"మరి సింహం దగ్గర నన్ను ఎత్తారే" అంది.

"ఎత్తాను."

"ఛీ" అంది. ఆ ఒక్క ముక్కే. నేలకేసి చూస్తూ మళ్ళీ అంది. "ఆయనకి ఏ సంచీ సంగతీ తెలీదు. సంచీ నాది. నా మొహం చూసి కనిపెట్టేశాడు. అందుకే నాదీ నాదీ అని అరుచుకుంటూ పరిగెత్తాడు. పిచ్చోడు! మాట వినపడదు గానీ నా మొహం ఎప్పుడూ వినపడేది ఆయనకి."

అంబ్రుష్ ఆమె ఎదురుగా వంగాడు. "ఎవరి కోసం?"

"నా తమ్ముడు లాయోష్. సరిహద్దు అవతల పుట్టాం మేమిద్దరం. నేను పెళ్లి చేసుకుని ఇటొచ్చాను. వాణ్ణి పట్టుకెళ్ళి సైన్యంలో వేశారు. ఒకడొచ్చి, చిన్న సామాను చేరవేస్తే వాణ్ణి బయటికి తెస్తామన్నాడు. లేదంటే ముందు వరసలో నిలబెడతామన్నాడు."

"ఆ సామాను దేనికో చెప్పారా?"

"నేనడగలేదు."

"పడవని పేల్చడానికి. ఆ యుద్ధం ఆపుదామని కూర్చున్నవాళ్ళ పడవని."

పిరోష్కా తలెత్తింది. ఆ మాట ఆమె లోపలికి దిగడం అంబ్రుష్‌కి కనిపించింది.

"యుద్ధం ఆగితే మా వాడు ఇంటికొస్తాడు."

"వస్తాడు."

"అయితే ఆ లంజాకొడుకులు నా చేతే నా తమ్ముణ్ణి చంపిస్తున్నారు!" ఆమె దిగ్గున లేచింది. "కెమెరా ఉత్తుత్తిది. మీ కంట పడాలనే ఇచ్చి ఉంటారు. అసలుది నా పౌడరు డబ్బా. అద్దం ఉన్నది, ఎప్పుడూ మూత తెరవద్దన్నారు. కేకుల కొట్లో ఆ పుట్టుమచ్చది కాఫీ పోసిందే, దానికిచ్చేశాను."

అంబ్రుష్ మిషను చెవిలో పెట్టుకుని కాలరులోకి అరిచాడు. "మేడమ్, పడవ ఆపండి! స్విచ్ ఇంకోటుంది!"

"ఎలా ఆపను? పడవలో వైర్‌లెస్ ఉండకూడదని ఆ పెద్దల షరతు!" మొదటిసారి ఆ గొంతు వణికింది. "మార్గరెట్ వంతెన కేసి వస్తోంది, నాకు ఒడ్డునుంచి కనిపిస్తోంది. పరిగెత్తు!"

*

దీవి మొనలో వంతెన మోచెయ్యిలా వంగుతుంది. ఆ వంపు దగ్గరికి వాళ్ళు చేరేసరికి ఇద్దరికీ ఊపిరి అందడం లేదు. కింద నది మీద తెల్ల పడవ. కిటికీల్లో దీపాలు, బల్లల మీద తెల్లగుడ్డలు కనపడేంత దగ్గరికొచ్చేసింది.

వంతెన మీద ట్రాములు, సైకిళ్ళు, షికారుకొచ్చిన జనం. రెయిలింగ్ దగ్గర ఒక పెళ్లి జంట ఫోటోలు దిగుతోంది. నల్లసూటు పెళ్లికొడుకు, మోకాలి మీద కూర్చున్న ఫోటోగ్రాఫర్, మేలిముసుగు గాలికి ఎగురుతుంటే నవ్వుతున్న పెళ్లికూతురు. ఇలాంటి జంటలు ఆ వంతెన మీద ప్రతి శనివారం ఉండేవే.

"ఎక్కడ? ఎవరు?" అంటూ అంబ్రుష్ మొహాలన్నీ వెతుకుతున్నాడు.

పెళ్లికూతురు ఫోటోకి ముందు మొహం సర్దుకుందామన్నట్టు పౌడరు డబ్బా బయటికి తీసింది.

"పుట్టుమచ్చ!" అంది పిరోష్కా.

అంబ్రుష్ చెయ్యి తుపాకీ మీదికి పోయింది. పెళ్లికొడుకు చెయ్యి అంతకంటే ముందే కోటు లోపలికి పోయింది. మధ్యలో జనం, పసిపిల్లల బళ్ళు. కాల్చడానికి సందు లేదు.

ఉన్నట్టుండి పిరోష్కా చేతిసంచీలోంచి ఒక నోటు లాగి గాల్లో ఊపుతూ గొంతు చించుకుని అరిచింది.

"పెళ్లికూతురు నాది! ఈ ఆట నాది!"

మైదానం పెళ్లిళ్ళలో ఎవరైనా చేసేదే. నోటు ఊపిన వాళ్ళకి పెళ్లికూతురితో ఒక చుట్టు నాట్యమాడే హక్కుంటుంది. జనానికి ముచ్చటేసింది. దారి ఇచ్చారు, చప్పట్లు మొదలుపెట్టారు. పిరోష్కా సుడిగాలిలా వెళ్ళి పెళ్లికూతురి మీద పడింది. బుగ్గకి బుగ్గ ఆనించింది. డబ్బా పట్టుకున్న పిడికిలిని తన రెండు చేతుల్లో బిగించి, గిర్రున తిప్పడం మొదలుపెట్టింది.

"తిప్పు! తిప్పు!" అని జనం అరుస్తున్నారు. ఎవరో ఈల వేశారు.

"వదులు" అంది పెళ్లికూతురు పళ్ళ సందునించి. "వదలకపోతే లాయోష్ రేపటి పొద్దు చూడడు."

పిరోష్కా వదల్లేదు. పెళ్లికూతురు మడమతో ఆమె పాదం తొక్కింది, గోళ్ళు ఆమె మణికట్టులో దింపింది. రక్తం తెల్లగౌను మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. పిరోష్కా ఏడుస్తోంది, పెద్దగా, దాపరికం లేకుండా, పొద్దుటినుంచీ ఆపుకున్నదంతా. ఏడుస్తూనే తిరుగుతోంది. చూసేవాళ్ళకి అది సంతోషంతో వచ్చిన ఏడుపే అనిపించింది.

పెళ్లికొడుకు కోటులోంచి తుపాకీ సగం బయటికొచ్చింది. అంబ్రుష్ వాడి మీదికి దూకాడు. దూకేటప్పుడు మాత్రం, వాడి తల నేలకి తగలకుండా తన అరచెయ్యి కింద పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలీదు. ఫోటోగ్రాఫర్ పారిపోబోయి ట్రాముకి అడ్డంపడి, వెనకాల పరిగెత్తుకొచ్చిన తోటమాలుల చేతికి చిక్కాడు. వాడే కంసాలి అని తర్వాత తేలింది.

పడవ కిందినుంచి దాటిపోయింది. కిటికీలో ఒక పెద్దమనిషి చప్పట్ల మోతకి తలెత్తి, పెళ్లి అనుకుని గ్లాసు పైకెత్తాడు.

పిరోష్కా చేతులు విడదీయడానికి ఇద్దరు మనుషులు పట్టారు. డబ్బా మూత తెరుచుకోలేదు. బాంబు పడవ అడుగున అంటించి ఉందని తర్వాత ఈతగాళ్ళు కనిపెట్టారు.

జనంలో ఒక ముసలమ్మ అంబ్రుష్ దగ్గరకొచ్చి చేతికర్రతో పొడిచింది. "సిగ్గు లేదూ? పెళ్ళాం అంత ముచ్చటగా ఆడుతుంటే నువ్వు పెళ్లికొడుకుతో కుస్తీ పడతావా? తాగొచ్చావా?"

"అవునమ్మమ్మా" అన్నాడు అంబ్రుష్. "తప్పయిపోయింది."

*

ఇల్కా మేడమ్ కారు దగ్గర నిలబడి ఉంది. పిరోష్కాకి సంకెళ్ళు వెయ్యమని చెప్పలేదు. వెయ్యొద్దనీ చెప్పలేదు. ఎవరూ వెయ్యలేదు.

"మీ తమ్ముడి గురించి ఆ పడవలో వాళ్ళకి కబురు పంపాను" అంది. "మాట మాత్రం ఇవ్వలేను. పొద్దున ఒక మాట ఇచ్చి చూశాను కదా."

పిరోష్కా తలూపింది. "ముందు ఆయన్ని చూపించండి."

ఆసుపత్రిలో పొడుగాటి వరండా. చివర మూసిన తలుపు. నర్సు లేచి నిలబడి పిరోష్కా మణికట్లకేసీ, చిరిగిన గోధుమరంగు కోటులో ఉన్న అంబ్రుష్ కేసీ అనుమానంగా చూసింది.

"లోపలికి దగ్గరివాళ్ళకే. మీరు ఆయన భార్య, సరే. మరి ఈయన ఏమవుతారు?"

అంబ్రుష్ కోటు విప్పబోయాడు. బిగుతు కోటు, భుజాల దగ్గర పట్టేసింది, రాలేదు. పిరోష్కా అతని వైపు తిరిగింది. అతని వెనక్కి వెళ్ళి, కోటు చేతులు ఒక్కొక్కటే లాగి విప్పింది. మడిచి గుండెకి ఆనించుకుంది.

"ఏమీ అవడమ్మా" అంది నర్సుతో. "పొద్దుటినుంచీ నా మొగుడు, అంతే."